గోడ కాగితం: పంచాయతీ మీటింగులో తేలింది ఊరికి చేర్చే పని

నెల్లూరు జిల్లా కావలికి తూర్పున, సముద్రానికి దగ్గర్లో ఉన్న మేజర్ పంచాయతీ మాది. పంచాయతీ సమావేశంలో, గ్రామసభలో ఏం తేల్చారో నెలకోసారి రెండు ఏ3 కాగితాల మీద అచ్చువేసి బోర్డుకు పెడుతున్నాం. ఊళ్లో దాన్ని గోడ కాగితం అంటున్నారు. పక్క మండలాల వాళ్లు కొందరు "మేమూ పెట్టుకుంటాం, ఎట్లా చేశారు" అని అడిగారు. వాళ్ల కోసం ఈ డైరీ. ఏది పనిచేయలేదో, దాన్ని ఎందుకు మార్చామో దానికే ఎక్కువ చోటిచ్చాను. మీకు డబ్బు, శ్రమ మిగిలేది అక్కడే.

పనిలో ఉన్నది నలుగురం: నేను, రిటైరైన తెలుగు మాస్టారు, కావలిలో డిగ్రీ చదువుతున్న అమ్మాయి, చాలాకాలం మేస్త్రీగా చేసిన పెద్దాయన. ఖర్చు అయిన ప్రతి దశ చివరా లెక్క ఇచ్చాను.

దశ 1: మీటింగులో రాసుకోవడం

ముందుగా సర్పంచ్‌కి, పంచాయతీ కార్యదర్శికి చెప్పి, వెనక బెంచీ మీద కూర్చుంటామని అడిగాం. సరేనన్నారు. ఫోన్ బల్ల మీద పెట్టి రికార్డు చేసి, ఇంటికొచ్చాక ఫోన్‌తోనే అక్షరాల్లోకి మార్పించి సరిచేద్దామన్నది ఆలోచన. అది కుదరలేదు. బల్ల నేరుగా సీలింగు ఫ్యాను కింద ఉంది. గంటన్నర రికార్డింగులో ఫ్యాను హోరు ముందు, మనుషుల మాట వెనక. పైగా నలుగురైదుగురు ఒకేసారి మాట్లాడతారు. ఫోన్ రాసిచ్చిన దాంట్లో మాటలు కొంతవరకు పోల్చుకోవచ్చు గానీ అంకెలు నమ్మడానికి లేదు. "రెండు లక్షల ఎనభై వేలు" అన్నది ఒకచోట 2, ఇంకోచోట 80,000 అని పడింది. మన పనికి అసలు ప్రాణం అంకెలే. మాట అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు, సున్నా పోతే ఊళ్లో తగాదా అవుతుంది.

చొక్కాకు తగిలించుకునే కాలర్ మైకు కొన్నాం. అది తగిలించుకున్న మనిషి గొంతు మాత్రమే బాగా వచ్చింది. మీటింగుకు పనికిరాలేదు (తర్వాత దశ 6లో వేరే పనికి వచ్చింది). చివరికి రికార్డింగు మానేసి ఒక ఫారం తయారుచేశాం. అంశానికి ఒక అడ్డగీత, ఐదు గళ్లు:

1. అంశం ఏమిటి
2. ఏ వార్డు నుంచి వచ్చింది (మనిషి పేరు వద్దు)
3. ఏం తేల్చారు: తీర్మానం అయిందా, వాయిదా పడిందా, మాటతో సరిపెట్టారా
4. డబ్బు ఎంత, ఏ పద్దు నుంచి
5. ఎప్పటిలోగా, ఎవరి బాధ్యత

ఇద్దరు విడివిడిగా, ఒకరి కాగితం ఒకరు చూడకుండా రాయాలి. అదే సాయంత్రం కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా వచ్చిన ప్రతి అంకెనూ మర్నాడు గ్రామ సచివాలయంలో అడిగి సరిచేసుకోవాలి. ఆలస్యం చేస్తే ఇద్దరి జ్ఞాపకాలూ కలిసిపోయి తేడా కనపడదు. అందుకే అదే సాయంత్రం అంటున్నాను.

నాలుగో గడిలో "ఏ పద్దు నుంచి" అన్నది మొదట్లో లేదు, "డబ్బు ఎంత" అని మాత్రమే ఉండేది. మొదటి కాగితం బోర్డుకెక్కాక వచ్చిన ప్రశ్నలన్నీ ఒకటే: "అంత డబ్బు మోరీలకు పెట్టారు గదా, మా వీధి రోడ్డు ఎందుకు వేయలా?" జవాబు పద్దులోనే ఉంది. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు ఇచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలి. మిగిలిన 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు, జీతాలకూ ఆఫీసు ఖర్చులకూ మాత్రం కాదు. ఇంటి పన్ను లాంటి సొంత ఆదాయం ఉండే సాధారణ నిధి వేరు. పద్దు పేరు పక్కన రాసిన తర్వాత ఈ ప్రశ్న సగానికి సగం తగ్గింది. మిగతా సగం మంది "అయితే ఆ 40 శాతం ఎక్కడ" అని అడిగారు. అది ఇంకా మంచి ప్రశ్న, అట్లాంటిదే మాకు కావలసింది.

అంకెలు సరిచూసుకోవడానికి ఈగ్రామ్‌స్వరాజ్ పోర్టల్ ఉంది. 2020 ఏప్రిల్ 24న మొదలైంది. లాగిన్ అక్కర్లేదు, ఎవరైనా తమ పంచాయతీ ఏడాది ప్రణాళిక, ఖర్చు చూసుకోవచ్చు. పని పేర్లు ఇంగ్లీషులో, పొట్టిగా ఉంటాయి. మన నోట్సులో ఉన్న పని అక్కడ ఏ పేరుతో ఉందో పోల్చుకోవడానికి మొదట్లో చాలా సమయం పట్టింది. పోల్చుకున్న ప్రతి పనికీ రెండు పేర్లూ ఒక నోటుబుక్కులో పక్కపక్కన రాసిపెట్టుకోండి, తర్వాతి నెల పని సులువవుతుంది.

ఖర్చు: కాలర్ మైకు 450, ఫారాల జిరాక్సు 60. ఇప్పటిదాకా: రూ.510.

దశ 2: అక్షరాలు

ఇక్కడ ఎక్కువ కాగితాలు పాడయ్యాయి. అమ్మాయి ఫోన్‌లో టైపు చేసిన తెలుగును కావలిలో డీటీపీ షాపుకు తీసుకెళ్లాం. అక్కడ పేజీలు అమర్చేది పేజ్‌మేకర్‌లో, అక్షరాలకు వాడేది అను ఫాంట్లు. మనం ఫోన్‌లో, కంప్యూటర్‌లో రాసేది యూనికోడ్. అది అను ఫాంట్లలోకి నేరుగా పోదు, పిచ్చి గుర్తులుగా మారిపోతుంది. షాపులో మళ్లీ మొదటి నుంచీ టైపు చేస్తామన్నారు. అట్లా చేస్తే అంకెలు మళ్లీ మొత్తం సరిచూడాలి. వద్దనుకున్నాం. చేసిన మార్పు ఇది:

1. లిబ్రెఆఫీస్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో ఏ3 పేజీ పెట్టుకుని అక్కడే మొత్తం అమర్చాలి. ఉచితం.
2. శీర్షికకు రామభద్ర, లోపలి మాటకు మండలి ఫాంటు. రెండూ ఉచితమే.
3. పీడీఎఫ్‌గా మార్చి, పెన్‌డ్రైవ్‌లో పీడీఎఫ్ మాత్రమే ఇవ్వాలి. ఫాంట్లు దాని లోపలే ఉంటాయి కాబట్టి షాపులో ఏ ఫాంట్లున్నా సంబంధం లేదు.
4. ముందు ఒక్క కాపీ తీయించి, చదివి, తర్వాతే మిగతావి.

సైజు సంగతి. మొదటి కాగితం 16 పాయింట్లలో పెట్టాం. చేతిలో పట్టుకుంటే బాగుంది. గోడకు పెడితే టీకొట్టు దగ్గర ఒక పెద్దాయన కళ్లజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ "ఏందబ్బయా ఇది, చీమల బారు మాదిరి ఉండాది" అన్నాడు. నేలమీద సుద్దముక్కతో గీతలు గీసి, అరవై దాటిన వాళ్లను నిలబెట్టి చదివించి చూశాం. ఒకటిన్నర మీటరు దూరం నుంచి తడుముకోకుండా చదవడానికి 26 పాయింట్లు కావలసి వచ్చింది. శీర్షిక 54. తెలుగుకు సైజు కాస్త ఎక్కువే కావాలి. అక్షరం కనపడినా కింద వత్తు కనపడక "పద్దు"ను "పదు" అని చదివిన వాళ్లున్నారు.

వరుసల మధ్య దూరంలో ఒక చిక్కుంది. ఎక్కువ వరుసలు పట్టాలని కొలత ఖాయం చేసి పెడితే కింది వత్తులు తెగిపోతాయి. తెర మీద తెలియదు, ప్రింటులో తెలుస్తుంది. ఖాయం కొలత తీసేసి 140 శాతం అని పెట్టాం. అప్పటినుంచి తెగలేదు. దీనివల్ల కాగితం మీద పట్టే మాటలు బాగా తగ్గాయి. ఒక ఏ3కి పదీ పన్నెండు అంశాలనుకున్నది ఐదు ఆరుకు దిగింది. అందుకే రెండు కాగితాలయ్యాయి.

ఖర్చు: ప్రయత్నపు ప్రింట్లు 120. ఇప్పటిదాకా: రూ.630.

దశ 3: బోర్డు

మొదటి బోర్డు ప్లైవుడ్, తూర్పు ముఖంగా, బస్టాపు పక్కన. కాగితాన్ని మైదా జిగురుతో అంటించాం. ఎండాకాలంలో ఒక పక్షం గడిచేసరికి రంగు ప్రింటులో ఎరుపు శీర్షిక లేత గులాబీ అయింది. ఇంక్‌జెట్ రంగు ఎండకు ఆగదు. లేజరు ప్రింటు నలుపు ఆగుతుంది. రంగు మానేశాం, ఖర్చూ తగ్గింది.

అసలు దెబ్బ అక్టోబరులో తగిలింది. మన జిల్లాకు వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వాన సముద్రం వైపు నుంచి గాలితో ఏటవాలుగా కొడుతుంది. తూర్పు ముఖంగా ఉన్న బోర్డు పైన చూరు ఉన్నా లాభం లేకపోయింది. కాగితం గుజ్జయింది, ప్లైవుడ్ అంచులు ఉబ్బి పొరలు విడిపోయాయి. మామూలు ఇనుప మేకులు ఉప్పుగాలికి తుప్పుపట్టి, వాటి కింద గోధుమరంగు చారలు దిగాయి.

రెండో బోర్డు కొలతలు, మీరు నేరుగా ఇదే చేయించుకోవచ్చు:

1. అల్యూమినియం కిటికీలు చేసే షాపులో 3 అడుగుల వెడల్పు, 2 అడుగుల ఎత్తు ఫ్రేము. ఏ3 కాగితం 297 × 420 మిల్లీమీటర్లు. రెండు కాగితాలు నిలువుగా పక్కపక్కన పట్టి, చుట్టూ చోటు మిగులుతుంది.
2. ముందు పారదర్శకమైన యాక్రిలిక్ షీటు, పక్కకు జరిగేలా. అద్దం వద్దు, పిల్లలు ఆడుకునే చోటు.
3. కింది అంచున రెండు చిన్న రంధ్రాలు. ఇవి లేకపోతే లోపల తేమ చేరి యాక్రిలిక్ మసకబారుతుంది.
4. స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు.
5. ముఖం పడమటికి లేదా దక్షిణానికి. ఇది అన్నిటికంటే ముఖ్యం, దీనికి ఖర్చు కూడా లేదు.

గోడ ఎవరిదో వాళ్లను అడిగి పెట్టాలి. మేము ప్రభుత్వ గోడ జోలికి పోలేదు. ఒక ఎరువుల కొట్టాయన తన పక్కగోడ ఇచ్చాడు.

ఖర్చు: పాత బోర్డు 850, కొత్తది 1,900, స్క్రూలు 120. ఇప్పటిదాకా: రూ.3,500.

దశ 4: ఏం రాయాలి

బోర్డు నిలబడింది, అక్షరాలు కనపడుతున్నాయి. అయినా జనం ఆగి చదవడం లేదు. ఎరువుల కొట్టు అరుగు మీద కూర్చుని చూస్తే తెలిసింది: శీర్షిక చదివి వెళ్లిపోతున్నారు. "నీటి సమస్యపై సుదీర్ఘ చర్చ" లాంటి వాక్యాలు రాశాం. అందులో తెలుసుకోవడానికి ఏముంది? చర్చ జరిగిందన్నది ఎవరికీ అక్కర్లేదు. ట్యాంకు కడుగుతారా లేదా, ఎప్పుడు?

చర్చ మొత్తం తీసేశాం. మొదటి కాగితం నిండా ఒకే పట్టిక: "పోయినసారి అనుకున్నది" ఎడమ గడిలో, "ఇప్పుడు ఎక్కడుంది" కుడి గడిలో. కుడి గడిలో మూడు మాటలే వాడతాం: మొదలు కాలేదు, జరుగుతోంది, పూర్తయింది. "త్వరలో" అన్న మాట నిషేధం. ఈ నెల కొత్త తీర్మానాలు రెండో కాగితంలోకి వెళ్లాయి. నా దృష్టిలో ఈ ప్రాజెక్టులో చేసిన పెద్ద మార్పు ఇదే. మీరు మిగతాదంతా వదిలేసి ఈ ఒక్క పట్టికే పెట్టినా మీ ఊరికి మేలు జరుగుతుంది. వార్డు మెంబర్లు సైతం మీటింగుకు వచ్చేముందు బోర్డు దగ్గర ఆగి తమ వార్డు గడి చూసుకుని వెళుతున్నారు.

కుడి గడి నింపాలంటే వెళ్లి చూడాలి. ఇక్కడ పెద్దాయన మేస్త్రీ అనుభవం అక్కరకొచ్చింది. ఉదాహరణకు ఒక సైడు కాలువ. అంచనాలో 180 మీటర్లు. పని అయ్యాక 30 మీటర్ల ఫైబరు టేపుతో కొలిస్తే 171న్నర. ఎనిమిదిన్నర మీటర్లు తక్కువ! అంతకుముందే ఊళ్లో గుసగుసలున్నాయి. అది అట్లాగే బోర్డుకెక్కిస్తే ఏమయ్యేదో ఊహించుకోండి. పెద్దాయన "ఉండండి, ఎం-బుక్కు చూద్దాం" అన్నాడు. సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు కొలతల పుస్తకం చూపించాడు. రోడ్డు అడ్డంగా దాటే చోట కాలువ మీద స్లాబు వేసి పైన సిమెంటు పోశారు. భూమిలో ఉన్న ఆ ఎనిమిదిన్నర మీటర్లు వేరే వరుసలో రాసి ఉంది. మేము పైకి కనపడేదే కొలిచాం.

అప్పటినుంచి కొలతలకు నియమం:

1. టేపు ఇద్దరు పట్టాలి, మూడోవాడు రాయాలి.
2. ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో గుర్తులతో ఫోటో.
3. పొడవే కాదు, లోపలి వెడల్పు, లోతు కూడా, కనీసం మూడు చోట్ల.
4. ఎం-బుక్కు అంకె చూడకుండా మన అంకె బోర్డుకెక్కదు. రెండూ పక్కపక్కన వేయాలి. తేడా ఉంటే కారణం రాయాలి, కారణం దొరక్కపోతే "కారణం అడిగాం" అని రాయాలి.

ఆ నెల కాగితంలో కాలువ బొమ్మ గీసి, 171.5 + 8.5 = 180 అని వేశాం. ఎక్కువ మంది నిలబడి చదివింది ఆ కాగితాన్నే. గుసగుసలు ఆగిపోయాయి. పని సరిగ్గా చేసిన కాంట్రాక్టరుకు కూడా ఇది న్యాయం కదా.

ఖర్చు: టేపు 380. ఇప్పటిదాకా: రూ.3,880.

దశ 5: ఊరి లెక్కలోకి మార్చడం

రెండో కాగితం కింద రైతుల కోసం, పాలెం జాలర్ల కోసం కొన్ని వార్తలు వేస్తాం: సోమశిల జలాశయం నీటి విడుదల తేదీలు, ధాన్యం ధర, వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, ఇట్లాంటివి. ధాన్యం మద్దతు ధర 2025-26కి ఏ గ్రేడు క్వింటాలుకు రూ.2,389, సాధారణ రకం రూ.2,369 అని అచ్చంగా ప్రకటనలో ఉన్నట్టే వేశాం. చదివిన రైతు వెంటనే "పుట్టికెంత?" అన్నాడు. నెల్లూరు వైపు బేరమంతా పుట్టి లెక్కనే, పుట్టి అంటే 850 కిలోలు. దళారీ పుట్టి ధర చెబుతాడు, సర్కారు క్వింటాలు ధర చెబుతుంది. రెండూ పోల్చుకోలేక రైతు మధ్యలో నష్టపోతాడు. అందుకని ఇప్పుడు రెండూ వేస్తున్నాం: ఏ గ్రేడు పుట్టికి రూ.20,306, సాధారణ రకం పుట్టికి రూ.20,136, పైసలు వదిలేసి. క్వింటాలు ధరను 8.5తో గుణిస్తే చాలు.

స్థలాలకూ అంతే. తీర్మానంలో చదరపు మీటర్లుంటే పక్కన అంకణాలు వేస్తాం, ఊళ్లో స్థలం కొలిచేది వాటితోనే.  చదరపు మీటర్లను 10.764తో గుణిస్తే చదరపు అడుగులొస్తాయి, వాటిని అంకణానికి ఎన్ని చదరపు అడుగులో ఆ అంకెతో భాగించాలి. అంకణం లెక్క అన్నిచోట్లా ఒకటి కాదు, కాపీ చేసేవాళ్లు మీ ఊరి కొలత కనుక్కుని వేయండి.

దశ 6: చదవని వాళ్లకు, రాలేని వాళ్లకు

బోర్డు ముందు నిలబడేది మగవాళ్లే. బస్టాపు, ఎరువుల కొట్టు వాళ్లు తిరిగే చోట్లు మరి. ఆడవాళ్లు రోజూ పొద్దున, సాయంత్రం వచ్చేది పాలకేంద్రానికి. ఇంకో బోర్డు అక్కడ పెట్టాం, మూడోది పాలెంలో వలలు బాగుచేసుకునే రేకుల షెడ్డు కింద.

భాషను సరిచేసింది మాస్టారు. 1990ల మొదట్లో మన జిల్లా అక్షరాస్యత ఉద్యమంలో రాత్రిబడిలో పాఠాలు చెప్పిన మనిషి. దూబగుంట ఆడవాళ్లు సారా అమ్మకాన్ని ఎట్లా ఆపించారో ఆ తరగతుల్లో పాఠంగా చదివే మిగతా ఊళ్ల ఆడవాళ్లు కదిలారని, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చేదాకా అది ఆగలేదని ఇప్పటికీ ఉత్సాహంగా చెబుతారు. కొత్తగా చదువు నేర్చినవాళ్లకు ఎట్లా రాయాలో ఆయనకు అప్పటినుంచీ తెలుసు. ఆయన పెట్టిన నియమాలు: వాక్యానికి ఒకే సంగతి. ఎనిమిది మాటలు దాటకూడదు. "పరిపాలనా ఆమోదం లభించినది" వద్దు, "పనికి అనుమతి వచ్చింది" చాలు. తీర్మానం, పద్దు, అంచనా, ఈ మూడూ మాత్రం మార్చవద్దు, ఎందుకంటే ఆఫీసుకెళ్లి అడిగేటప్పుడు అవే కావాలి.

చదవలేని వాళ్ల కోసం రెండు నిమిషాల వాయిస్ మెసేజి. దశ 1లో మూలన పడిన కాలర్ మైకు దీనికి బ్రహ్మాండంగా పనిచేసింది. అమ్మాయి చదువుతుంది, వాట్సాప్‌లో పోతుంది. పాలకేంద్రం అక్క పాలు కొలిచేటప్పుడు పెడుతుంది.

వాట్సాప్‌లో ఒక ప్రమాదం ఎదురైంది. "రేపు కుళాయి నీళ్లు రావు" అన్న ఫోటో నెలల తర్వాత ఎవరో మళ్లీ పంపితే ఊరంతా బిందెలు నింపుకున్నారు. మార్పు: పైన తేదీ, సంచిక సంఖ్య శీర్షిక అంత పెద్ద అక్షరాల్లో. "రేపు", "ఈ వారం" అన్న మాటలు లేవు, తేదీయే. వాయిస్ మెసేజిలో కూడా మొదటి మాట తేదీయే.

ఖర్చు: రెండు బోర్డులు ఒక్కోటి 1,750, మొత్తం 3,500. ఇప్పటిదాకా: రూ.7,380. నెలనెలా ప్రింటు ఖర్చు ఇందులో కలపలేదు. అది మూడు బోర్డులకు ఆరు కాగితాలు, కాగితం 10 చొప్పున రూ.60.

దశ 7: చట్టం

ఇంటింటికీ కాపీలు పంచుదామని చాలామంది అడిగారు. పంచడం లేదు. క్రమం తప్పకుండా వార్తలు అచ్చువేసి పంచితే అది పత్రిక కిందకు వస్తుంది, రిజిస్ట్రేషన్ కావాలి. పాత 1867 చట్టం స్థానంలో వచ్చిన 2023 పత్రికల రిజిస్ట్రేషన్ చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. మేము బోర్డుకే పరిమితమయ్యాం. పంచాలనుకునేవాళ్లు ముందు ఆ పని చూసుకోండి. ఎన్నికల కోడ్ వచ్చినప్పుడు కాగితం ఆపేస్తాం. పింఛను, రేషను, ఇంటి పన్ను బకాయి వంటి వాటిలో ఏ మనిషి పేరూ వేయం, ఎంత అడిగినా.

దశ 8: పాత తీర్మానాలు

"పోయినసారి అనుకున్నది" పట్టికను వెనక్కు, అంతకుముందు ఏడాదికి కూడా నింపాలని అనుకున్నాం. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గత ఏడాది జమాఖర్చులు, ఆడిట్ రిపోర్టు, రాబోయే పనులు గ్రామసభ ముందు పెట్టాలి. ఓటరు జాబితాలో ఉన్న ప్రతి ఒక్కరూ గ్రామసభలో సభ్యులే. నోటితో అడిగితే "చూద్దాం" అన్నారు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు ఇచ్చాం. చేసే పద్ధతి:

1. తెల్లకాగితం మీద రాస్తే చాలు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి ఆఫీసుకు ఫీజు లేదు, మండలస్థాయికి 5 రూపాయలు, ఆపైన 10.
2. "అన్ని తీర్మానాలు" అని రాయవద్దు. ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకో, ఏ పుస్తకంలోవో రాయాలి. మా మొదటి దరఖాస్తు దీని మీదే వెనక్కు వచ్చింది.
3. కాపీ పేజీకి 2 రూపాయలు. అంతకుముందే పుస్తకం స్వయంగా చూస్తామని అడగవచ్చు, అట్లా చేస్తే అక్కర్లేని పేజీలకు డబ్బు పోదు.
4. అందినట్టు సంతకం, తేదీ, ముద్ర. జవాబుకు 30 రోజుల గడువు ఈ తేదీ నుంచే.
5. జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, సెక్షన్ 19(1) కింద.

తీర్మానాల పుస్తకం నుంచి 46 పేజీలు వచ్చాయి. జమాఖర్చుల కాగితాలు గడువు దాటినా రాలేదు, అప్పీలు వేశాం. పట్టికలో దాన్ని కూడా ఒక వరుసగా వేశాం. ఎడమ గడిలో "జమాఖర్చుల కాపీలు, దరఖాస్తు తేదీ, అప్పీలు తేదీ", కుడి గడిలో మిగతా పనులకు వాడే మాటే: మొదలు కాలేదు.

ఖర్చు: కాపీలు 92. ఇప్పటిదాకా: రూ.7,472.

46 పేజీల్లో ఉన్న తీర్మానాలను ఇప్పుడు వార్డులవారీగా విడదీస్తున్నాం. ఒకే వీధిలైట్ల పని మూడు సమావేశాల్లో మూడు అంకెలతో కనపడుతోంది. అది ఒకే పనా, మూడు పనులా అన్నది ఎం-బుక్కు చూసి, స్తంభాలు లెక్కపెట్టి తేల్చాలి. పెద్దాయన స్తంభాల మీద పెయింటుతో వేసిన నంబర్లు రాసుకొస్తున్నాడు, 4వ వార్డు అయిపోయింది. మొత్తం తేలాక వచ్చే సంచికలో మొదటి కాగితం దానికే ఇస్తాం.